బొమ్మకు ముందు వచ్చిన పాట

1993వ సంవత్సరమున ఆదివారము ఉదయము దూరదర్శన్‌లో ఒక బొమ్మల కథ వచ్చుచుండెడిది. తోడేళ్ల నడుమ పెరిగిన మోగ్లీ యను బాలుని కథ యది. ఆనాటికి తెలుగునాట ఇంటింట టెలివిజన్ లేదు. ఉన్నయింటికి వాడలోని పిల్లలందఱు చేరెడివారు. తలుపు తెఱచియున్నచో లోపల చాపమీద, మూసియున్నచో వెలుపల కిటికీ చువ్వలు పట్టుకొని. తెరమీద కథ నడచుటకు ముందే పాట వినబడెడిది. అది చెవిని పడగానే వీథి చివర గోలీలాడుచున్నవాడు గోలీలు జేబులో వేసికొని పరుగెత్తెడివాడు. ఆ పాట హిందీ పాట. దానిని పాడిన తెలుగు పిల్లలలో పెక్కుమందికి హిందీ రాదు. అయినను తప్పులతోనే అది వారి నోట నిలిచిపోయినది. నేడు నలుబదియేండ్లకు చేరిన ఆ పిల్లలు తమ బిడ్డలకు ఆ పాట వినిపించి మురియుచున్నారు.

ఒక కార్టూనునకు పిలుపుగా కూర్చిన పాట యింతకాలము బ్రదుకుట వింతయే. సరకు చెల్లినంత కాలమే దాని ప్రకటన చెల్లుట లోకమునందలి మర్యాద. ఇక్కడ సరకు ఎన్నడో తెర దిగిపోయినది. ప్రకటన మాత్రము మిగిలినది. ఇందులకు కారణ మేమి? తెలుగు పిల్లలందఱి నోట అట్లు నిలిచిన కార్టూను పాట తెలుగు మాటలలో ఒకటియైన కలదా? ఈ రెండు ప్రశ్నలును తెలుగు బోధించువారును తెలుగు చదువువారును కొంత నిలిచి ఆలోచింపదగినవి.

మోగ్లీ కథకు మూలము రడ్యార్డ్ కిప్లింగ్ 1894లో ప్రకటించిన 'ది జంగిల్ బుక్'. ఆయన 1865లో బొంబాయిలో పుట్టెను. పుస్తకమును అమెరికాలోని వెర్మాంట్‌లో వ్రాసెను. కథ జరిగినది నేటి మధ్యప్రదేశములోని సివనీ ప్రాంతపు కొండలలో. ఎలుగుబంటికి బాలూ యనియు, ఏనుగునకు హాథీ యనియు ఆయన పెట్టిన పేళ్లు హిందుస్తానీ మాటలే. జపానులోని నిప్పాన్ యానిమేషన్ సంస్థవారు 1989లో ఈ కథను 52 భాగముల ధారావాహికగా చిత్రించిరి. అది హిందీ మాటలు తొడుగుకొని నాలుగేండ్లకు దూరదర్శన్‌ను చేరెను. షేర్‌ఖాన్ పులికి నానా పాటేకర్ తన గొంతు నిచ్చెను. తెరమీది పాత్రల మాటలన్నియు అనువాదములే. కాని ముందు వచ్చు పాటను మాత్రము క్రొత్తగా మనదేశమునందే చేయించిరి. సాహిత్యము గుల్జార్‌ది, సంగీతము అప్పటికి యువకుడైన విశాల్ భరద్వాజ్‌ది. ఆంగ్లేయుడు వ్రాసిన పుస్తకము, జపానువారు గీసిన బొమ్మ, ఈ రెండును మన పిల్లలవి యగుటకు ఒక దేశీయమైన పాట చాలినది.

ఆ పాటలో ఉన్న దేమి? అడవిలో ఒక కబురు పుట్టినదట. చడ్డీ తొడుగుకొన్న పూవొకటి పూచినదట. గ్రుడ్డునుండి వెలువడిన పక్షిపిల్ల యొకటి ఒంటిమీద బట్ట లేదని సిగ్గుపడి, దీనికంటె గ్రుడ్డులోపలనే మేలుగదా యని చింతించినదట. ఇంతియే. కథానాయకుని పేరైనను అందులో లేదు. ఈ కథ చూడుడని లేదు. చూచిన మంచి గలుగునని అసలే లేదు.

పిల్లలకు పాట వ్రాయబూనువారికి సాధారణముగా మూడు దుర్బుద్ధులు పుట్టుచుండును. నీతి చెప్పవలెనని యొకటి. ముద్దుమాటలు కురిపింపవలెనని రెండవది. చేయించినవారి సరకు పేరు పదిమాఱులు పలుకవలెనని మూడవది. గుల్జార్ ఈ మూడింటిని విడిచినారు. అడవిలో ఒక మనుష్యశిశువు కనబడిన జంతువులకు ఏమి తోచునో దానిని మాత్రము పట్టుకొనినారు. బట్ట కట్టిన ప్రాణిని అడవి యెన్నడు చూచును? కావున జంతువులకు వింతగా కనబడినది వాని మొగము గాదు, పరాక్రమము గాదు, వాని చడ్డీ. ఇది పిల్లవాని చూపు. పెద్దవాడు వీరుని చూచుచోట పిల్లవాడు వీరుని చొక్కా గుండీ ఊడియుండుటను చూచును.

చడ్డీ వంటి మాటను గీతమునందు ఉంచుటకు మామూలు కవి జంకును. ఇంటిలో రోజు పది పర్యాయములు వినబడు మాట పాటలో వినబడగానే పిల్లవాడు కిలకిల నవ్వును. నవ్విన పిమ్మట మఱచిపోడు. నడకయు అట్టిదే. నాలుగేసి మాత్రల నడక. చెమ్మచెక్క ఆడు పిల్లల చప్పట్లకును, ఒప్పులకుప్ప తిరుగు పిల్లల అడుగులకును సరిపడునది. భాష తెలియని తెలుగు బాలుడు ఆ పాటను పట్టుకొనినది ఈ నడకచేతనే. గానరసమును శిశువును, పశువును, పామును ఎఱుగునని పెద్దలు చెప్పుదురు. అర్థము వెనుకనుండి నెమ్మదిగా నడచివచ్చును.

ఈ పాట వ్రాసిన కవి సామాన్యుడు గాడు. 1934లో జన్మించిన గుల్జార్ ఉర్దూ కవితకుగాను 2023వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమునకు ఎన్నికయినారు. 1983లో వచ్చిన 'మాసూమ్' చిత్రములో పిల్లలు పాడిన కొయ్యగుఱ్ఱపు పాటయు ఆయనదే. పెద్దలకు వ్రాసినప్పుడు ఒక శ్రద్ధ, పిల్లలకు వ్రాసినప్పుడు ఒక ఉపేక్ష ఆయన రచనలో కానరాదు. బొమ్మల కథకు ముందు నిమిషమో రెండు నిమిషములో వినబడు పాటకు కూడ కవియే కావలెనని చేయించినవారు తలంచుటయు, ఆ పని తన స్థాయికి తగదని కవి తలంపకుండుటయు రెండును జరిగినవి. అందుచేతనే ఆ పాట నిలిచినది.

బొమ్మ పుట్టిన జపానులో ఈ మర్యాద మఱింత ముందునుండియే కలదు. 1963లో ఒసాము తెజుకా సృష్టించిన 'అణుబాలుడు' టెలివిజన్ తెరకు వచ్చెను. ఇంగ్లీషువారు దానిని 'ఆస్ట్రో బాయ్' అందురు. ఆ చిత్రపు పాటకు మాటలు కూర్చినది షుంతారో తనికావా. ఆయన 1952లో తన తొలి కవితాసంపుటిని వెలువరించి, 2024లో మరణించువఱకు జపాను దేశపు గొప్ప కవులలో నొకరుగా పేరొందినవారు. 'మదర్ గూస్' పిల్లల పాటలను జపాను భాషలోనికి తెచ్చినదియు ఆయనయే. నేటికిని టోక్యోలోని తకదనొబాబా స్టేషనులో రైలు కదలునప్పుడు ఆ పాట వరుసయే మ్రోగును. 1988లో టెలివిజన్‌లో ప్రారంభమైన 'అన్‌పాన్‌మన్' అను బొమ్మల కథకు దాని సృష్టికర్త తకాషి యనసే తానే పాట వ్రాసెను. 2011 మార్చిలో తూర్పు జపానున భూకంపమును సునామీయు వచ్చినప్పుడు రేడియోలో ఆ పాట వినబడగా, ఆశ్రయశాలలలోని పిల్లలు గొంతు కలిపి పాడిరి. కార్టూను పాట కష్టసమయమున ఒక జాతి పిల్లలకు ధైర్యమైనది. దానిని అంగడిపాట యని త్రోసివేయుటకు ఎవరికి నోరాడును?

మన దేశమునందే 2016లో జరిగిన మఱియొక సంగతి యింతకంటె విచిత్రమైనది. అమెరికాలోని డిస్నీ సంస్థ మోగ్లీ కథను క్రొత్తగా చలనచిత్రముగా తీసెను. ఆ సంస్థకు ఈ కథ క్రొత్త గాదు. 1967లోనే దానిని కార్టూను చిత్రముగా తీసి, అందులోని పాటలచే లోకమున పేరు గడించినది. అయినను 2016లో హిందీ ప్రేక్షకులను పిలువవలసి వచ్చినప్పుడు ఆ ప్రసిద్ధములైన పాటలు చాలలేదు. మఱల గుల్జార్, విశాల్ భరద్వాజుల కడకే వచ్చి, 23 ఏండ్లనాటి దూరదర్శన్ పాటనే క్రొత్తగా పాడించి ప్రచారపు వీడియోగా విడుదల చేసిరి. పులికి మఱల నానా పాటేకరే గొంతు నిచ్చెను. కోట్ల రూకలు పోసి చేసిన చిత్రము ఒక చిన్న పాటను తోడు పిలుచుకొని ఊరేగినది. ఆ వీడియో పిలిచినది పిల్లలను మాత్రమే కాదు. టికెట్టు కొనవలసిన తండ్రిలో దాగియున్న 1993 నాటి పిల్లవానిని పిలిచినది.

అదే చిత్రము తెలుగు మాటలతోడను వచ్చినది. కాని తెలుగు తండ్రిలోని పిల్లవానిని పిలుచుటకు తెలుగు పాట యేది? ఆతని బాల్యమునందును హిందీ పాటయే యున్నది. ఇక్కడ హిందీమీద కోపమునకు చోటు లేదు. మంచి పాట యే భాషనుండి వచ్చినను పిల్లవానికి లాభమే. లోటు వచ్చినదానివలన గాదు, రానిదానివలన.

బొమ్మకు ముందు పాట పాడి పిల్లలను పిలుచుట తెలుగువారికి క్రొత్త విద్యయా? తోలుబొమ్మలాట చూచినవారు అట్లనరు. ఊరి నడుమ తెల్లని తెర కట్టి, వెనుక దీపము వెలిగించి, మద్దెల మ్రోగింపగానే పిల్లలు అన్నము సగములో విడిచి తెరయెదుట చేరెడివారు. రాముడు వెంటనే రాడు. ముందు ప్రార్థన, పాట. పిమ్మట కేతిగాడు, బంగారక్క వచ్చి నవ్వించి, ఊరివారిమీద నాలుగు ఛలోక్తులు విసరి, అటుపిమ్మట కథకు దారి యిచ్చెడివారు. కదలు బొమ్మ, వెలుగు తెర, ముందుగా పాట — నేటి కార్టూనునకు కావలసిన సామగ్రి యంతయు అందున్నది. ఉన్న భాష మాత్రము ఆ యూరి తెలుగు. అనంతపురపు సీమలోని నిమ్మలకుంటలో ఆ విద్య నేటికిని బ్రదికియున్నది. ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావునకు 2020లో పద్మశ్రీ పురస్కారము వచ్చెను. తోలుబొమ్మలవాడు చేసినదియు ఒక విధమైన ప్రచారమే. తెల్లవాఱిన పిమ్మట గింజలును గుడ్డలును అతనికి ముట్టవలెను. కాని అతడు పిల్లలను తన భాషలో పిలిచెను.

జంతువులచేత తెలుగు మాటలాడించుటయు క్రొత్త గాదు. 1853లో చిన్నయసూరి 'నీతిచంద్రిక' వెలువరించి, సంస్కృతమునందలి కాకిచేత, ఎలుకచేత, లేడిచేత తెలుగు పలికించెను. ఆయన మాటకు మాట పెట్టి యనువదింపలేదు. తెలుగు వాక్యము తన కాళ్లమీద తాను నిలుచునట్లు క్రొత్తగా నడపెను. గురజాడ 1910లో 'ముత్యాల సరములు' కూర్చి, పాటకు దగ్గఱైన నడకలో కవిత చెప్పవచ్చునని చూపెను. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలై 'బాలానందము' నడపి, 1945లో 'బాల' పత్రిక స్థాపించి, పిల్లలచేత పాడించి, పిల్లలచేత వ్రాయించిరి. 1947లో 'చందమామ' వచ్చెను. ఆ తరములో క్రొత్త యంత్రము వచ్చిన ప్రతిపర్యాయము తెలుగు దానిలోనికి ప్రవేశించినది. అచ్చుయంత్రము వచ్చినప్పుడు సూరి యున్నాడు. రేడియో వచ్చినప్పుడు అన్నయ్య, అక్కయ్య యున్నారు. బొమ్మలాడు తెర వచ్చినప్పుడు మాత్రము తెలుగు కవి గడపవద్ద నిలిచిపోయినాడు.

చిత్రకారులు లేక కాదు. 2008లో పోగో చానెలులో ప్రారంభమై దేశమంతట పిల్లలకు చుట్టమైన 'ఛోటా భీమ్' హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థ సృష్టి. ధోవతి కట్టి లడ్డూలు తిను ఆ చిన్నవాడు తెలుగు గడ్డమీద పుట్టినవాడే. అయినను దేశమున మ్రోగిన వాని పాట హిందీ పాట. అంగడి పెద్దది గావున ఆ సంస్థ అట్లు చేయుట సహజమే, తప్పుపట్ట బనిలేదు. కాని ఆ పాటను తెలుగున వినిపించువేళ, అనువాదము గాక తెలుగు పిల్లవానికే పుట్టిన పాట యొకటి ఏ కవిచేతనైన వ్రాయించియున్న బాగుండెడిది గదా!

ఇటీవల తెలుగున వచ్చు విదేశపు బొమ్మల చిత్రములకు ప్రచారము బాగుగనే జరుగుచున్నది. 2019లో 'ది లయన్ కింగ్' వచ్చినప్పుడు సింబాకు నాని, ముఫాసాకు జగపతిబాబు, పుంబాకు బ్రహ్మానందము, టిమోన్‌కు ఆలీ గొంతు లిచ్చిరి. 2024లో 'ముఫాసా' వచ్చినప్పుడు మహేశ్‌బాబు గొంతు వినబడెను. తెలుగు పిల్లవాడు సింహమును తెలుగున విన్నాడు, అది సంతోషింపదగినదే. కాని ప్రకటనలలో పెద్ద యక్షరములతో కనబడినవి నటుల పేళ్లు. ఆ సింహము నోట తెలుగు పెట్టినవాడెవడో, పాటకు మాట కూర్చినవాడెవడో ఎందఱు పిల్లలు ఎఱుగుదురు? గొంతు ఆకర్షించును, నిలుచునది మాట. నటుని గొంతును పిల్లవాడు వినగలడు గాని ఇంటికి తీసికొనిపోలేడు. పాట నైతే తన గొంతులోనికే తెచ్చుకొనును.

కథలోపలి పాటను అనువదించుట కష్టమైన పని యని ఒప్పుకొనవలెను. తెరమీది పెదవి మూసికొన్నచోట పకారమో, బకారమో, మకారమో పడవలెను. నోరు తెఱచినచోట దీర్ఘము రావలెను. ఇంగ్లీషున ఒక్క యక్షరముతో ముగియు మాటలు పెక్కు. తెలుగు మాట తఱచుగా రెండు మూడక్షరములకు తక్కువ గాదు. 'నో' యని పాత్ర యొక్కమాఱు నోరు గుండ్రముగా తెఱచినచోట తెలుగున 'వద్దు' అనవలెనా, 'లేదు' అనవలెనా, 'కాదు' అనవలెనా? మూడును రెండేసి యక్షరముల మాటలు, మూడింటికిని మూడర్థములు. ఇంగ్లీషు ఒకటిగా చూచినదానిని తెలుగు మూడుగా విడదీసినది. ఇది మన భాషకు సిరియే గాని పెదవికి మాట యతికించువానికి సంకటము. అందుచే అనువాదకుడు రాజీపడును. పిల్లవాడు 'నేను ప్రేమించుచున్నాను దీనిని' యను తీరున విపరీతమైన వాక్యములు వినును.

ప్రచారపు పాటకు ఈ సంకెల లేదు. అందులో బొమ్మ పరుగెత్తును, ఎగురును, నవ్వును. పెదవికి మాట కుదురవలెనను నియమము లేదు. కవికి పూర్తి స్వాతంత్ర్యమున్నచోటు అదియే. గుల్జార్ వినియోగించుకొన్న దదియే. తెలుగున మాత్రము ఆ చోటును గూడ అనువాదముతో నింపివేయుచున్నారు. లేదా మూలభాషలోనే వదలివేయుచున్నారు. తాళము లేని తలుపును తెఱవక, తాళమున్న తలుపుతో పెనుగులాడుట వంటిది ఇది.

ఇక్కడ ఒక యాక్షేపణ వచ్చును. ప్రకటన ప్రకటనయే గదా. దాని వెనుక బిస్కత్తులు, బొమ్మలు వేసిన బడిసంచులు, పలకపెట్టెలు వరుసగా వచ్చును గదా. పిల్లవాని చేత తండ్రి జేబు తడిమించు విద్యకు కవులు తోడ్పడవచ్చునా యని కొందఱు పెద్దలు అడుగుదురు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. పిల్లవాని మనస్సు అంగడి గాదు. సరకు పేరు జపించు పాటను ఇల్లు, బడి రెండును గట్టిగా నిరాకరింపవచ్చును. కాని రెండు రకముల పాటలను వేఱుచేసి చూడవలెను. సరకుతోపాటు చచ్చునది అంగడివాని కేక. సరకు పోయిన తరువాతను మిగులునది కవిత. దూరదర్శన్‌లో ధారావాహిక ముగిసిన తరువాత ఆ పాట యే సరకును అమ్మలేదు. ఇరువదేండ్లకు పైగా ఊరక పిల్లల నోట తిరిగినది. అట్టి పాటను వ్రాయుట కవికి చిన్నతనము గాదు. కవులు ముఖము త్రిప్పుకొనినచో ఆ చోటు ఖాళీగా ఉండదు. కవిత్వము తెలియనివారు దానిని నింపుదురు. పిల్లవాడు ఏదో యొకటి పాడకుండ ఉండలేడు గదా.

మఱియొక యాక్షేపణ. పిల్లలు ఇంగ్లీషు మాధ్యమమున చదువుచున్నారు. చేతిలోని ఫోనులో లోకమునందలి పాటలన్నియు ఉన్నవి. తెలుగు పాట యెవరికి కావలెనని అందురు. పసివాడు భాషను ఎన్నుకొని పాట వినడు. నడక బాగున్న దానిని, నవ్వు వచ్చుదానిని, ఇంటిమాట తగిలినదానిని పట్టుకొనును. 1993లో తెలుగు పిల్లవాడు హిందీ పాటను పట్టుకొనుటయే ఇందులకు సాక్ష్యము. పిల్లవాడు తెలుగును కాదనలేదు. మంచి తెలుగు పాట వానికి పెట్టినవారు లేరు. వడ్డింపని కూరను తినలేదని వానిని నిందించుట న్యాయము గాదు. పదియేండ్లలోపల చెవిలో నాటుకొనిన భాష పాఠ్యపుస్తకమునందు కనబడినప్పుడు చుట్టమువలె తోచును. నాటుకొననిది పరాయిదానివలె తోచును. ఎనిమిదవ తరగతిలో ఛందస్సు చెప్పబోయిన ఉపాధ్యాయునికి ఈ భేదము మొదటి గంటలోనే తెలియును.

అందుచే ఈ పని బడియందే మొదలు కావచ్చును. తెలుగు గంటలో ఉపాధ్యాయుడు పిల్లలను, మీరు చూచు కార్టూను ఒకటి చెప్పుడని అడిగిన చాలును. తరగతి అంతయు మేల్కొనును. దానికి ముందు వచ్చుటకు నాలుగు చరణముల తెలుగు పాట వ్రాయుడని పిమ్మట చెప్పవచ్చును. నియమములు స్వల్పములు. కథానాయకుని పేరు చెప్పరాదు. నీతి చెప్పరాదు. ఇంటిలో రోజు వినబడు మాట యొకటి ఉండితీరవలెను. చప్పట్లతో పాడుటకు వీలుగా నాలుగేసి మాత్రలుగా నడవవలెను. 'చెట్టున పిట్టకు' అని చప్పట్లు కొట్టుచు పలికినచో గురువు రెండు మాత్రలని, లఘువు ఒకటియని నల్లబల్ల సాయము లేకయే చేతికి తెలియును. గురులఘువులకు గీతలు గీయుట ఆ తరువాతి పాఠము. మొదట చేతికి తెలిసినదానికి పిదప పేరు పెట్టుటయే ఛందస్సు.

వ్రాసిన పాటలలో పెక్కు చక్కగా నుండకపోవచ్చును. ఒకటి రెండు బాగుండును. వానిని తరగతి అంతయు పాడును. పొరుగు తరగతి గోడ చాటునుండి విని నేర్చుకొనును. వార్షికోత్సవమున చలనచిత్రపు పాటలకు బదులు వీనికే పిల్లలు ఆటలు కట్టవచ్చును. గీయగల పిల్లలు బొమ్మలు గీయుదురు. నేడు ఫోనుతోనే బొమ్మలను కదలించు నేర్పు పదునాలుగేండ్లవానికి కూడ కలదు. నిమిషము నిడివిగల ప్రచారపు వీడియో ఒక గ్రామములోని బడియందు తయారగుట అసాధ్యము గాదు. నేడు అట్లు వ్రాసిన పిల్లలలో నుండియే రేపటి కవి, రేపటి అనువాదకుడు, రేపటి చిత్రకారుడు రావలెను.

చిత్రములు తీయువారు చేయవలసిన పనియు ఒకటున్నది. తెలుగున వినిపించు ప్రతి బొమ్మల కథకును ముందుపాటను తెలుగు కవిచేత క్రొత్తగా వ్రాయించి, నటుని పేరు ప్రక్కన కవి పేరును అచ్చువేయవలెను. ఒక నటునికి ముట్టు పారితోషికములో చిన్న భాగముతో ఈ పని జరిగిపోవును. దాని ఫలము చిత్రము ఆడిన రెండు వారములతో తీరునది గాదు. ఇరువదేండ్ల తరువాత మఱియొక చిత్రమునకు గూడ పనికివచ్చునని 2016 నాటి సంగతి నిరూపించినది. ధర్మబుద్ధితో గాకున్న లాభబుద్ధితో నైనను ఈ మాట వినవచ్చును.

కిటికీ చువ్వలు పట్టుకొని నిలిచిన ఆనాటి పిల్లవానికి ఒక కవి అడవిని చూపినాడు. ఆ కవి భాష వానికి రాదు. అయినను వాడు పాడినాడు. వాని బిడ్డ నేడు ఇంటిలోపల, చేతిలోని చిన్న తెరముందు కూర్చుండియున్నాడు. వాడును పాడును. ఆ పాటలో వాని అమ్మ వంటయింటినుండి పిలుచు మాట యొకటైన ఉండునట్లు చూచుట తెలుగు కవులకును, తెలుగు ఉపాధ్యాయులకును చేతనైన పనియే.